బ్రేకు కంపనం

బ్రేకు కంపనం అనగా నడుస్తున్న వాహనానికి బ్రేకు వేసినపుడు స్టీరింగులో గాని, బ్రేకు పెడల్‌లో గాని, సీటు అడుగున గాని కలిగే అదురు. పందెపు బాటలపై నడిపే పాత స్పోర్ట్స్ కార్లలోను, పొడవైన ఘాట్ రోడ్లు దిగే వాహనాలలోను ఇది ఎక్కువగా కనిపిస్తుంది. దీనిని "డిస్కు వంకర పోవడం" అని వ్యవహరించినా, డిస్కు నిజంగా వంగడం అరుదు. దాని మందంలోనో, ఉపరితలంలోనో ఏర్పడే స్వల్పమైన తేడాయే సాధారణ కారణం. కొలతలు తీయకుండా డిస్కు మార్చితే లోపం మళ్ళీ తలెత్తవచ్చు.

వేడి ప్రభావం

బ్రేకు వాహనపు గతిశక్తిని ఉష్ణంగా మారుస్తుంది. 1,000 కిలోల కారు గంటకు 108 కి.మీ. (సెకనుకు 30 మీటర్లు) వేగం నుండి ఆగాలంటే 450 కిలోజౌళ్ళ శక్తి ఖర్చు కావాలి. అదే కారు 100 మీటర్ల ఎత్తు దిగితే 980 కిలోజౌళ్ళ స్థితిశక్తి కోల్పోతుంది. ఇంజను, గాలి నిరోధాలు పోగా మిగిలిన భారమంతా బ్రేకులదే.

చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై వంటి పందెపు బాటలపై బ్రేకులు ఒక్కసారిగా వేడెక్కి, తిన్నని దారిలో కొంత చల్లబడతాయి. భద్రాచలం నుండి చింతూరు (2014 వరకు ఖమ్మం జిల్లాలోనిది) మీదుగా సాగే అటవీ మార్గంలో చింతూరు, మారేడుమిల్లిల మధ్య ఘాట్ రోడ్డు ఉంది. ఇటువంటి దారిలో బ్రేకుపై కాలు ఉంచి దిగితే చల్లబడే వ్యవధి దొరకదు. దిగిన వెంటనే పెడల్ తొక్కి ఆపి ఉంచితే, వేడి ప్యాడు పదార్థం డిస్కుపై ఒకేచోట అంటుకుంటుంది.

కారణాలు

* ప్యాడు పదార్థం డిస్కుపై అసమానంగా అంటుకొనుట.
* హబ్బుకు, డిస్కుకు మధ్య తుప్పు చేరి డిస్కు తిరిగేటపుడు పక్కకు ఊగుట. ఇది క్రమేణా డిస్కును ఒకచోట పలుచన చేస్తుంది.
* చక్రపు నట్లను అసమానంగా బిగించుట.
* క్యాలిపరు పిన్నులు తుప్పుతో బిగుసుకొనుట.
* వెనుక డ్రమ్ములు గుండ్రదనం కోల్పోవుట.

అరిగిన బాల్ జాయింట్లు, రబ్బరు బుష్‌లు సాధారణంగా కంపనాన్ని పుట్టించవు గాని, ఉన్నదానిని పెంచుతాయి.

నిర్ధారణ

బ్రేకు వేయకున్నా అదురు ఉంటే ముందుగా చక్రాల బ్యాలెన్సు, టైర్లు, బేరింగులు చూడాలి. బ్రేకు వేసినపుడే స్టీరింగు అదిరితే ముందు చక్రాలను అనుమానించాలి. సీటు అదిరితే వెనుక చక్రాలు కారణం కావచ్చు. చుట్టుకొలత 1.8 మీటర్లు గల చక్రం గంటకు 65 కి.మీ. వేగంలో సెకనుకు సుమారు 10 సార్లు తిరుగుతుంది. వేగంతోపాటు అదురు లయ కూడా తగ్గితే మూలం చక్రంలోనే ఉన్నదని గ్రహించవచ్చు.

తరువాత డిస్కును హబ్బుకు గట్టిగా బిగించి, డయల్ గేజితో దాని ఊగును కొలవాలి. అనేక కార్లలో దీని పరిమితి 0.05 నుండి 0.1 మి.మీ. మధ్య ఉంటుంది. మైక్రోమీటరుతో చుట్టూ కనీసం 8 చోట్ల మందం చూడాలి. 0.02 మి.మీ. తేడా కూడా పెడల్‌లో తెలియవచ్చు.

సరిచేయుట, నివారణ

హబ్బుపై తుప్పు గీకి, నట్లను టార్కు రెంచితో ఎదురెదురుగా బిగించాలి. పలుచని పూతను ఖాళీ రోడ్డుపై పూర్తిగా ఆగకుండా పలుమార్లు గట్టిగా వేగం తగ్గించి తొలగించవచ్చు. 650–700 డిగ్రీల సెల్సియస్ వేడిలో పోత ఇనుములో సిమెంటైటు అనే గట్టి పదార్థం ఏర్పడితే, లేతుపై చెక్కినా మచ్చ లోతున మిగులుతుంది. అప్పుడు డిస్కు మార్చడమే మార్గం. కనీస మందం కంటే అరిగిన డిస్కును కూడా మార్చాలి.

ఘాట్ దిగేటపుడు తక్కువ గేరు వాడి, బ్రేకును విడతలుగా వేయాలి. పెడల్ మెత్తబడి లోపలికి పోతే అది కంపనం కాదు; బ్రేకు ద్రవం మరగడం కావచ్చు. డాట్ 4 ద్రవపు కనీస మరుగు స్థానం కొత్తదైతే 230 డిగ్రీలు, తేమ పీల్చిన తరువాత 155 డిగ్రీలు. అటువంటపుడు వాహనాన్ని సురక్షిత స్థలంలో నిలిపి చల్లబరచి, ద్రవాన్ని మార్పించే వరకు ప్రయాణం కొనసాగించరాదు.