ఫౌల్ పుట్టిన కథ

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా స్కూళ్ల బాస్కెట్‌బాల్ పోటీ జరుగుతుంటే గీత బయట నుంచి ఒక కేక తప్పకుండా వినిపిస్తుంది: “సెయ్యి తగిలీసింది కదేటి మాస్టారూ, ఫౌల్ ఇవ్వరేటి!” విజిల్ పట్టుకున్న డ్రిల్లు మాస్టారు విననట్టే పరిగెడతారు. అలా అరిచినవాళ్లను తప్పుపట్టలేం. వీరఘట్టంలో పుట్టిన మల్లవీరుడు కోడి రామమూర్తి నాయుడి పేరు స్టేడియానికి పెట్టుకున్న ఊరు శ్రీకాకుళం. చెడుగుడు చూస్తూ పెరిగిన జనం. చెడుగుడులో కూతకొచ్చినవాడు వేలు తగిలించి గీత దాటిపోతే చాలు, తగిలినవాడు అవుట్. ఆ కళ్లతో చూస్తే బాస్కెట్‌బాల్‌లో ప్రతి తాకిడీ తప్పుగానే కనిపిస్తుంది. కానీ ఈ ఆటలో ఫౌల్ తాకినందుకు పుట్టలేదు.

అది 1891 డిసెంబరు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే కెనడా ఉపాధ్యాయుడికి ఒక చిక్కు వచ్చిపడింది. చలికాలం నాలుగు గోడల మధ్య కుర్రాళ్లు ఆడుకోవడానికి ఆట కావాలి, ఎముకలు విరగకూడదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒకరి మీద ఒకరు ఎందుకు పడుతున్నారని ఆలోచించాడు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడిని ఆపాలంటే మీద పడక తప్పదు. అయితే బంతితో పరుగే లేకుండా చేస్తే? గోల్‌ను పది అడుగుల ఎత్తున పెడితే బంతిని బలంగా విసరాల్సిన పనీ ఉండదు. పీచ్ పండ్ల బుట్టలు రెండు వేలాడదీసి, 18 మందిని రెండు జట్లు చేసి, 13 నియమాలు రాసిచ్చాడు. 1892 జనవరి 15న అవి అక్కడి పత్రికలో అచ్చయ్యాయి.

ఐదో నియమంలో ఉంది అసలు సంగతి. భుజంతో గుద్దడం, పట్టుకోవడం, తొయ్యడం, కాలు అడ్డం పెట్టి పడెయ్యడం, కొట్టడం కూడదు. ఆ జాబితాలో ‘తాకడం’ లేదు. మొదటిసారి చేస్తే ఫౌల్, రెండోసారి చేస్తే తర్వాతి గోల్ పడేదాకా బయటే. కావాలని గాయపరిస్తే ఆట మొత్తానికీ బయటికి, బదులు మనిషి కూడా ఉండడు. ఒక జట్టు వరసగా మూడు ఫౌల్స్ చేస్తే ఎదుటి జట్టుకు ఒక గోల్. బంతి పట్టుకుని పరిగెత్తడాన్నీ అప్పట్లో ఫౌల్ కిందే లెక్కేశారు. ఇప్పుడు దాన్ని ట్రావెలింగ్ అంటారు, అది వేరే తప్పు. బంతి అవతలి జట్టుకు పోతుందే తప్ప ఆటగాడి ఖాతాలో ఫౌల్ పడదు. దాన్ని ‘ఫౌల్’ అని అరిచేవాళ్లు తెలియకుండానే నైస్మిత్ నాటి చట్టం చెబుతున్నారన్నమాట.

కొన్నేళ్లకు గోల్ శిక్ష పోయి ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి బంతి వేసే అవకాశం, వచ్చింది. 1920ల దాకా జట్టులో గురి కుదిరిన ఒక్కడే అందరి తరఫునా వేసేవాడు. దెబ్బ తిన్నవాడే వెయ్యాలన్న నిబంధన తర్వాత వచ్చింది. ప్రతి ఫౌల్‌కూ ఫ్రీ త్రో ఉంటుందనుకోవడం ఇంకో అపోహ. అంతర్జాతీయ నియమాల ప్రకారం షాట్ వేసేవాడి మీద ఫౌల్ చేస్తే ఫ్రీ త్రోలు. మామూలు ఫౌల్ అయితే గీత బయట నుంచి బంతి లోపలికి వేస్తారు. ఒక క్వార్టర్‌లో జట్టు ఫౌల్స్ నాలుగు దాటాక మామూలు ఫౌల్‌కూ రెండు ఫ్రీ త్రోలు. ఎవరికైనా సొంత ఖాతాలో ఐదు పడితే ఆట ముగిసినట్టే.

మరి ఈ ఆట మన దాకా ఎలా వచ్చింది? స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాలయం స్థాపించాడు. శ్రీకాకుళం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. ఆ విద్యాలయంలో శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయులు ప్రెసిడెన్సీలోని బడులకు కొత్త ఆటలనూ వాటి నియమాలనూ మోసుకెళ్లారు. మన దగ్గర రిఫరీ అంటే ఇప్పటికీ డ్రిల్లు మాస్టారు గుర్తుకు రావడం అందుకే.

మళ్లీ ఐదో నియమానికి వస్తే, అందులోని మాటలకు ఇప్పటి చట్టం ‘సిలిండర్’ అనే హద్దు చేర్చింది. ప్రతి ఆటగాడి చుట్టూ కంటికి కనపడని గాదె ఒకటి ఉందనుకోండి. ముందు అరచేతులు, వెనక పిరుదులు, పక్కల చేతులూ కాళ్లూ దాని హద్దులు. తన గాదెలో నిటారుగా ఎగిరినవాడికి తాకిడి జరిగినా తప్పు లేదు. ఎదుటివాడి గాదెలోకి చొరబడి దెబ్బ తీసినవాడిదే తప్పు. కాపలాదారుడు కదలకుండా నిలబడాలనే మాటా నిజం కాదు. ఎదురుగా, రెండు కాళ్లూ నేల మీద ఆనించి ముందుగా చోటు సంపాదించాక పక్కకీ వెనక్కీ కదలవచ్చు. బంతిని ముందు తాకాం కదా అని ఆ వెంటనే మనిషిని గుద్దెయ్యడం కూడా చెల్లదు.

నైస్మిత్ ఇద్దరు అధికారులను పెట్టాడు. రిఫరీ బంతిని చూడాలి, అంపైర్ మనుషులను చూడాలి. ఫౌల్ లెక్క అంపైర్‌ది. గట్టు మీద మనమంతా బంతినే చూస్తాం, అందుకే మాస్టారితో పేచీ. ఈసారి బంతిని వదిలేసి, కాపలా కాసేవాడి కాళ్లూ నడుమూ చూడండి. చోటు ముందు ఎవరిదో తెలుస్తుంది. అప్పుడు విజిల్ మోగినా, మోగకపోయినా ఎందుకో మీకే అర్థమవుతుంది.