దుఃఖం ఏ శాఖ కిందికొస్తుంది?

దివిసీమలో ఒక తరం వాళ్ళకి కాలం రెండు ముక్కలు. ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత. పెళ్ళిళ్ళు, పుట్టుకలు, పొలం అమ్మకాలు అన్నీ ఆ గీతకి ఇటో అటో పడతాయి. చరిత్ర పుస్తకంలో తేదీ ఉంటుంది. మనిషికి మాత్రం ఆ తేదీ లోపల ఎక్కడో ఆగిపోయిన గడియారం.

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం, చేలల్లో వరి కోతకి దగ్గరపడింది. బంగాళాఖాతంలో బలపడ్డ తుపాను ఆ సాయంత్రం చీరాల దగ్గర తీరం దాటింది. మన తూర్పు తీరంలో తుపాను కంటికి కుడిపక్క గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోటు సరిగ్గా ఆ పక్కనే ఉంది. సుమారు 5 మీటర్ల ఎత్తున నీళ్ళు లేచి సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ళ మీదుగా కిలోమీటర్ల కొద్దీ లోపలికొచ్చాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే పోయినవాళ్ళు 10,000 దాకా ఉన్నారు. జనం చెప్పుకునే లెక్క ఇంకా ఎక్కువ.

ఈ తీరానికి ఇది కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరుని ముంచిన ఉప్పెనలో 30,000 మంది దాకా పోయారు. రెంటికీ మధ్య 113 ఏళ్ళు. అంటే ఏ తరమూ తన కళ్ళతో చూసినదాన్ని మరో తరానికి అప్పజెప్పలేనంత దూరం. వాతావరణ శాఖ 1977లో కూడా హెచ్చరికలు ఇచ్చింది. కానీ హెచ్చరిక ఇవ్వడం వేరు, లంకలో గుడిసె గుమ్మం దాకా అది చేరడం వేరు. చేరినా, నమ్మి ఇల్లొదిలి బయల్దేరడం ఇంకా వేరు. ఈ మూడింటినీ ఒక్క తాడుతో ముడేసే ఏర్పాటు అప్పటికి లేదు.

తర్వాత జరిగిన కథ మనలో చాలామంది విన్నదే. అవనిగడ్డ శాసనసభ్యుడు, అప్పటి మంత్రి మండలి వెంకటకృష్ణారావు ఆ బురదలో జనం మధ్య తిరిగి పనిచేశారు. రెండేళ్ళ ముందు హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించింది ఆయనే. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరిసా వచ్చారు. రామకృష్ణ మిషన్ లాంటి సంస్థలు ఇళ్ళు కట్టించాయి. బియ్యం, బట్టలు, కలరా రాకుండా టీకాలు, పశువులకి మేత, ఉప్పు తేలిన పొలాలకి మంచినీళ్ళు... ఒక్కొక్క పనికి ఒక్కొక్క శాఖ. చేసినవాళ్ళు తక్కువ చేయలేదు.

అయితే ఏ శాఖ పద్దులోనూ లేని సంగతి ఒకటుంది. ఆ రాత్రి చెట్టుకొమ్మ పట్టుకుని బతికిన తల్లి చేతిలోంచి బిడ్డ జారిపోయింది. తెల్లారాక ఆమెకి బియ్యం ఇచ్చారు, చీర ఇచ్చారు, తర్వాత ఇల్లు కూడా ఇచ్చారు. మరి ఆమె చెయ్యి? ఆ చేతికి గుర్తున్నదాన్ని ఎవరికి చెప్పుకోవాలి?

శవాల సంగతే తీసుకోండి. అన్ని వేల దేహాలు, పశువుల కళేబరాలు, ఉబ్బిపోతున్న నీళ్ళు. రోగాలు రాకూడదని చాలాచోట్ల సామూహికంగా దహనం చేశారు, పూడ్చారు. ఆరోగ్యశాఖ కళ్ళతో చూస్తే అది అవసరమే అనిపిస్తుంది. కానీ మన ఇళ్ళల్లో చావు అంటే పదకొండు రోజుల తతంగం. చూడ్డానికొచ్చేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, పేరు పెట్టి పిలిచేవాళ్ళు, చివరికి పిండం ముట్టే కాకి. అదంతా చాదస్తమని కొట్టిపారేసేవాళ్ళు కూడా ఒకటి ఒప్పుకోవాలి. దుఃఖాన్ని పదిమందీ పంచుకుని మోయడానికి సమాజం తయారుచేసుకున్న పనిముట్టు అది. దేహం దొరక్కపోతే ఆ పనిముట్టు పనిచేయదు. మోయాల్సిన పదిమందీ అదే ఉప్పెనలో పోతే అసలే పనిచేయదు.

ఇంకో సంగతి గమనించండి. భయంకరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే బాధని నేడు మనం పీటీఎస్‌డీ అంటున్నాం. ఆ పేరు అమెరికన్ మానసిక వైద్యుల సంఘం పుస్తకంలోకి ఎక్కింది 1980లో, అంటే మన ఉప్పెన వెళ్ళిన మూడేళ్ళకి. దివిసీమ డాక్టరు దగ్గర ఆ పేరు ఉండే అవకాశమే లేదు. ఊళ్ళో మాత్రం వేరే పేరుంది: జడుపు. పిల్లవాడు నిద్రలో ఉలిక్కిపడి లేస్తే జడుసుకున్నాడు అంటారు, తాయెత్తు కడతారు, దిష్టి తీస్తారు. తాయెత్తు జడుపుని తగ్గిస్తుందా అన్నది పక్కన పెడదాం. పిల్లవాడికి ఏదో అయిందని ఇంట్లో అందరూ ఒప్పుకోవడం, ఎవరో ఒకరు పక్కన కూర్చోవడం మాత్రం అందులో ఉంది. ఆసుపత్రికి ఇంకా తెలియని సంగతి ముసలమ్మకి సగం తెలుసన్నమాట.

ఆ రోజుల్లోనే దీన్ని గమనించినవాళ్ళూ ఉన్నారు. స్టీఫెన్ కోహెన్, సి.వి. రాఘవులు కలిసి ఈ ఉప్పెన మీద రాసిన ఇంగ్లీషు పుస్తకం 1979లో వచ్చింది. సామూహిక మరణానికి వ్యక్తులూ సంస్థలూ ఎలా స్పందించారు అన్నది దాని ఉపశీర్షికలోనే ఉంది. మనిషినీ ఆఫీసునీ ఒకే అట్ట మీద పక్కపక్కన పెట్టడం నాకు ముఖ్యంగా అనిపిస్తుంది. మన పాలనలో ఆ రెండూ కలిసి కూర్చున్న సందర్భాలు తక్కువ.

ఇక 1990కి వద్దాం. మే 9న మరో పెద్ద తుపాను, అదీ కృష్ణా ముఖద్వారం దగ్గరే. ఈసారి పోయినవాళ్ళు వెయ్యిలోపు. వెయ్యి చిన్న సంఖ్యేమీ కాదు. కానీ 1977తో పోల్చి చూడండి. ఈ పదమూడేళ్ళలో ఏం మారింది? ఉపగ్రహం వచ్చింది, సమాచారం వేగంగా కదిలింది. తీరం పొడుగునా తుపాను షెల్టర్లు లేచాయి. వాతావరణ శాఖ చెప్పింది కలెక్టరుకి, కలెక్టరు చెప్పింది మండల రెవెన్యూ అధికారికి, అక్కణ్ణించి పోలీసుకి, బడి పంతులికి, లారీ డ్రైవరుకి చేరింది. లక్షలమందిని ముందే లోపలికి తరలించారు.

దీన్ని యంత్రాల విజయంగా చెప్పుకోవడం మనకి అలవాటు. నాకు మాత్రం ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఇళ్ళొదిలి లారీ ఎక్కినవాళ్ళలో చాలామందికి 1977 గుర్తుంది. 1864 జ్ఞాపకం 1977 దాకా రాలేదు, 1977 జ్ఞాపకం 1990 దాకా వచ్చింది. అప్పటిదాకా ఒక్కొక్కరి గుండెలో ఒంటరిగా ఉన్న భయం, ఒక్కసారి ఊరందరి తెలివైంది. కానీ ఆ తెలివికి లారీ దొరకాలి, షెల్టరు తలుపు తెరిచి ఉండాలి, తాళం ఎవరి దగ్గరుందో తెలియాలి. అవేవీ లేకపోతే అది మళ్ళీ ఒట్టి భయమే. మామూలు రోజుల్లో బడిగా నడిచే షెల్టరుకి ఇక్కడే విలువ. పిల్లలు రోజూ పలక పట్టుకెళ్ళే చోటు కాబట్టి తుపాను రాత్రి అది పరాయి భవనం కాదు. ఏడాదంతా మూసి ఉంచిన భవనం గోడలు ఎంత గట్టివైనా జనానికి దగ్గర కాదు.

మనసు వైద్యం కథ దీనికి సమాంతరంగా, వేరే దారిలో నడిచింది. 1981లో బెంగుళూరులో సర్కస్ డేరా తగలబడి ఎందరో పిల్లలు పోయినప్పుడు, ఆ కుటుంబాల దుఃఖాన్ని నిమ్‌హాన్స్ వాళ్ళు అధ్యయనం చేశారు. 1984 డిసెంబరులో భోపాల్ జరిగింది. ఊళ్ళో మానసిక వైద్యులు చాలినంతమంది లేరు. అందుకని గ్యాస్ బాధితులకి మందులిస్తున్న మామూలు డాక్టర్లకే శిక్షణ ఇచ్చారు. దాదాపు అదే కాలంలో మన అనంతపురాన్ని ఆనుకుని ఉన్న బళ్ళారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే మనసు వైద్యం చేయొచ్చని నిమ్‌హాన్స్ చేసి చూపించింది. ఆ నమూనాతో 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1999 ఒడిశా తుపాను, 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీ తర్వాత డాక్టర్లు కాని ఊరి కార్యకర్తలకి కూడా శిక్షణ అందింది. చివరికి 2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, విపత్తుల్లో మానసిక సామాజిక సహాయం మీద మార్గదర్శకాలు తెచ్చింది. దివిసీమ తల్లి ప్రశ్న కాగితం మీదికి ఎక్కడానికి 32 ఏళ్ళు పట్టింది.

2007లో అంతర్జాతీయ సంస్థలు కలిసి తయారుచేసిన మార్గదర్శకాల్లో ఒక పిరమిడ్ బొమ్మ ఉంటుంది. పైన చిన్న మొనలో ఉండేది నిపుణుడి వైద్యం. అది కొద్దిమందికే కావాలి. కింద విశాలమైన పునాదిలో తిండి, నీళ్ళు, భద్రత. దాని మీద కుటుంబం, ఇరుగుపొరుగు. నా మటుకు ఈ బొమ్మ చెప్పేది చాలా మామూలు సంగతి. మనసు గాయానికి మొదటి మందు, బియ్యం ఎలా ఇచ్చారన్న దాంట్లోనే ఉంది.

ఒక్క ఉదాహరణ చాలు. భర్త పోయినామె నష్టపరిహారం కోసం అయిదు ఆఫీసులకి వెళ్తుందనుకోండి. అయిదు చోట్లా అదే అడుగుతారు: ఎప్పుడు పోయాడు, ఎలా పోయాడు, శవం చూశావా, సాక్షులెవరు. అయిదుసార్లు ఆమె ఆ రాత్రికి తిరిగెళ్ళాలి. ఆ ఆఫీసులు మాట్లాడుకుని ఒక్క దరఖాస్తు, ఒక్క వాంగ్మూలం చాలనుకుంటే, ఏ కౌన్సెలరూ అక్కర్లేకుండానే నాలుగుసార్ల నొప్పి తగ్గుతుంది. అలాగే కొత్త కాలనీలో ఇళ్ళు లాటరీ తీసి ఇస్తే, బతికి మిగిలిన పక్కింటివాళ్ళు కూడా విడిపోతారు. పాత వాడకట్టు ప్రకారం ఇస్తే మిగిలినవాళ్ళయినా ఒకరికొకరు మిగులుతారు. గృహనిర్మాణ శాఖ ఇంజనీరు తెలియకుండానే మనసు వైద్యం చేసినట్టు.

చూసే కళ్ళు ఊళ్ళో ఇప్పటికే ఉన్నాయి. పిల్లవాడు అన్నం ముట్టట్లేదని అంగన్‌వాడీ టీచరుకి తెలుసు. ఇల్లాలు నిద్రమాత్రలు అడుగుతోందని ఏఎన్‌ఎంకి తెలుసు. ఇంటాయన వేటకి వెళ్ళడం మానేశాడని పడవ యజమానికి తెలుసు. పొదుపు సంఘానికి వాయిదా కట్టట్లేదని లీడరుకి తెలుసు. ఈ నాలుగు కబుర్లూ ఒకే ఇంటివి. వాటిని కలిపి చూసే చోటు లేకపోతే నాలుగు రిజిస్టర్లలో నాలుగు చిన్న లోపాలుగానే మిగిలిపోతాయి. ఆ చోటు కోసం కొత్త భవనం అక్కర్లేదు, నెలకో పూట వాళ్ళు ఒకచోట కూర్చుంటే చాలు. అయితే అలా కూర్చోవడం తుపాను వచ్చాక మొదలుపెడితే కుదరదు. ఇంటి గుట్టు బయటపడకుండా మాట్లాడుకునే మర్యాద కూడా అలవాటు మీదే వస్తుంది.

దివిసీమలో ఉప్పెన స్మారక స్థూపం ఉంది. ఏటా నవంబరు 19న పూలు పెడతారు, పెద్దవాళ్ళు మాట్లాడతారు, పత్రికల్లో పాత ఫొటోలు వస్తాయి. ఆ రాత్రి చూసినవాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు. 1864 నాటి మాట మనదాకా రాలేదు, ఎందుకంటే అడిగి రాసుకున్నవాళ్ళు తక్కువ. ఈసారి ఆ తప్పు చేయకుండా ఉండే వీలు మనకింకా ఉంది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కృష్ణా తీరం నుంచి వచ్చిన పెద్దవాళ్ళుంటే ఆ రోజు గురించి అడగండి. చెప్పాలనిపిస్తే చెప్తారు. వద్దనుకుంటే కాసేపు పక్కన కూర్చోండి.