ఒడ్డున చదువు, కడలిపై గురుతు: ఉత్తరాంధ్ర తీరంలో నౌకాయాన జ్ఞానం

నౌకాయాన సిద్ధాంతాన్ని ఒడ్డున సాయంకాలపు తరగతులలో నేర్చేవారికి స్థాననిర్ణయం తొలి పాఠాలలో ఒకటి. తీరాన ఒకే వరుసలో కనిపించే రెండు గురుతులను కలిపే రేఖపై నావ ఉంటుంది. అటువంటి రెండు రేఖలు ఖండించుకొనే చోటే దాని స్థానం. కొండలను, చెట్లను ఆనవాళ్లుగా పెట్టుకొని చేపల తావును తిరిగి చేరుకొనే మత్స్యకారుని పద్ధతికీ ఆధారం ఇదే.

బ్రిటిషు పత్రాలు శాంతపిల్లిగా పేర్కొన్న చింతపల్లి వద్ద 1847లో దీపస్తంభం నిలిపారు. భీమునిపట్నం వచ్చే ఓడలను సముద్రంలోని రాళ్ల నుండి హెచ్చరించడం దాని ప్రయోజనం. కళింగపట్నానికి 1876లో దీపస్తంభం వచ్చింది. ఈ తీరం పరిచయం లేని నావికునికి, పటం చదవగలిగితే, ఆ దీపమే ఆనవాలు. స్థానికునికి ఆ పని కొండ చేసింది.

ధ్రువనక్షత్రం దిఙ్మండలానికి ఎంత ఎత్తున కనిపిస్తే ఆ చోటి అక్షాంశం సుమారు అంత. కళింగపట్నంలో అది దాదాపు 18 డిగ్రీలు. ఈ సంబంధాన్ని తరగతి అంకెలలో చెబుతుంది. అనుభవజ్ఞానం మాటలలో నిలుస్తుంది; చెప్పేవారు లేకపోతే మాటతోపాటే పోతుంది. కనుక గాలికీ, నీటికీ, నక్షత్రానికీ మత్స్యకారులు వాడే పదాల సేకరణ భాషాపరిశోధన మాత్రమే కాదు, శాస్త్రచరిత్ర రచన కూడా.