కంటిలోని తెర



మా సంఘపు వృద్ధులొకరు ఆరాధన ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, నాకును శుక్లమే వచ్చినట్లున్నది, ఆపరేషను చేయించుకొందును" అనిరి. వారికి పదునైదేండ్లుగా చక్కెర వ్యాధి. వైద్యుడు చూచి, ఇది శుక్లము కాదు, కంటి లోపలి రెటీనా చెడినదని చెప్పెను.

మనలో అనేకులకు ఈ రెండును ఒక్కటే. శుక్లము కిటికీ అద్దమునకు పట్టిన మసకవంటిది. రెటీనా లోపలి గోడకు అంటియున్న పలుచని తెర. కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించుచున్న దినములలోనే, 1851లో, జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్జ్ ఆ తెరను చూచుటకు సాధనమొకటి ప్రకటించెను. చూడగలిగిరి గాని బాగుచేయలేకపోయిరి. తెర ఊడిన కన్ను పోయినట్లే. 1920వ దశకములో స్విట్జర్లాండు వైద్యుడు గోనిన్, చిరుగును వెదకి కాల్చి మూసినయెడల తెర మరల అంటునని చూపెను. 1940వ దశకపు చివర జర్మనీలో సూర్యకాంతితోనే కాల్చి చూచిరి. తరువాత లేజరు వచ్చెను.

ఇటీవలివి కంటిలోనికి ఎక్కించు సూదిమందులు. వెల సంగతి ఇక్కడనే వినదగినది. 2011 ప్రాంతమున అమెరికాలో రానిబిజుమాబు ఒక మోతాదు సుమారు 2,000 డాలర్లుండెను. కాన్సరు మందైన బెవసిజుమాబును చిన్న మోతాదులుగా పంచినయెడల అప్పుడు సుమారు 50 డాలర్లే అయ్యెడిది. వృద్ధాప్యమున రెటీనా నడుమ చెడు వ్యాధికి రెండును ఇంచుమించు సమానముగానే పనిచేయునని 2011లో ప్రకటింపబడిన పరీక్షలో తేలెను. 2015లో రానిబిజుమాబు వంటి మందు మన దేశముననే తయారయ్యెను.

మన ప్రభుత్వపు అంధత్వ నివారణ పథకము 1976లో పుట్టినది. 1994 మొదలు 2002 వరకు ప్రపంచ బ్యాంకు ఋణముతో మన రాష్ట్రముతో కూడ ఏడు రాష్ట్రములలో శుక్లపు ఆపరేషనులు విస్తారముగా జరిగెను. అది మంచి పనియే. శుక్లము ఒక్కమారుతో తీరును, లెక్క వ్రాయుటయు సులభము. రెటీనా రోగియో మరల మరల రావలెను. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీలో రెటీనా శస్త్రచికిత్సలు కొన్ని చేర్చబడినవి. అయినను రాజోలునుండి అమలాపురము, యానాము మీదుగా కాకినాడకు బస్సు ఛార్జీ, తోడు వచ్చినవాని కూలి, పూటకూళ్లు భారముగనే ఉన్నవి. మందు చవుకయైనను దారి చవుక కాలేదు.

ఆ వృద్ధులకు లేజరు చేసిరి. మిగిలిన చూపు నిలుచును గాని పోయినది రాదనిరి. "నొప్పి లేదు గదా, ముందే ఎట్లు తెలియును?" అని వారు నన్నడిగిరి. వారి భార్యకును చక్కెర వ్యాధియే. ఆమె చూపు బాగుగనే ఉన్నది. అయినను మొన్న బుధవారము చుక్కలు వేసి ఆమె రెటీనాను కూడ చూచిరి.