కంటివైద్యమునకు వెల యెవరు చెల్లించిరి?

ఉత్తరమున రామాయపట్నము మొదలుకొని దక్షిణమున పులికాటు సరస్సు దాక సాగిన నెల్లూరు తీరమున, ఉప్పుమళ్ళమీద తళతళలాడు ఎండను, సముద్రపు గాలిని, ఆ గాలి మోసికొనివచ్చు ఇసుకను బాల్యము నుండి భరించిన కన్నులకు పొర క్రమ్ముటయు, నల్లగ్రుడ్డు మీదికి కండ ప్రాకుటయు తరతరాలుగా ఉన్న బాధలే. ఇస్కపల్లి ఉప్పుకొటారులలో పనిచేసినవారికిని, జువ్వలదిన్నె, మైపాడు, తూపిలిపాళెము మొదలగు పల్లెల నుండి వేటకు పోవు గంగపుత్రులకును ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నేడు ఆ పల్లెల నుండి తల్లిని వెంటబెట్టుకొని కావలికో నెల్లూరికో వచ్చిన కుమారుడు కంటి ఆసుపత్రి ముంగిట మొట్టమొదట అడుగునది “ఈ కార్డు మీ దగ్గర చెల్లుతుందాండీ?” అని. ఆ చిన్న ప్రశ్నకు రెండువందల యేండ్ల పూర్వచరిత్ర కలదు. వైద్యుడు, వైద్యుని చేరు దారి, వైద్యునకు ఈయవలసిన ధనము, ఈ మూడును ఒక్కచోట కూడుట ఈ తీరమున ఎన్నడును సులభముగా జరుగలేదు. ఒకటి చేతికి చిక్కిన కాలమున తక్కినవి దవ్వుగనే యుండెను.

మొదటి కాలమున రోగి వైద్యుని వెదకికొని పోవలసిన పనియే లేకుండెను. వైద్యుడే ఊరికి వచ్చెడివాడు. శుక్లము ముదిరిన కంటిలోనికి సూదిని పోనిచ్చి, మసకబారిన కటకమును చూపుదారి నుండి క్రిందికి త్రోసివేయు క్రియ సుశ్రుతసంహితలో వర్ణింపబడినది. ఆ విద్య శాస్త్రపఠనముతో సంబంధము తెగి, ఊరూర తిరుగు సూదివైద్యుల చేతిలో కులవృత్తిగా నిలిచి, ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో సయితము మద్రాసు రాజధాని యందంతట సాగుచుండెను. సూది బయటికి తీసినంతనే రోగి తన ఎదుటనున్న మనుష్యుని గుర్తుపట్టును. ఇంటిల్లిపాదియు ఆనందబాష్పములు విడుచుచుండగా వైద్యుడు తన ప్రతిఫలమును పుచ్చుకొని, మరునాటికో ఆ మరునాటికో పొరుగూరు చేరుకొనును. పిమ్మట కన్ను వాచి, చీము పట్టి, లోపలి ఒత్తిడి పెరిగి, వచ్చిన చూపు శాశ్వతముగ పోవునప్పటికి అతడు కంటికి కానరాడు. 1904 నుండి సుమారు పదేండ్లపాటు మద్రాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలకు అధిపతిగానుండిన రాబర్టు హెన్రీ ఎలియట్ తన యొద్దకు వచ్చిన యిట్టి చెడిన కన్నులను ఓపికతో పరీక్షించి, ఆ యనుభవమును 1918లో గ్రంథముగా ప్రకటించెను. ఆ సూదివైద్యుని నేను వెనుకేసికొని రాను. అయినను పల్లెవాడు అతని నేల ఆశ్రయించెనో గ్రహింపక నిందించుట న్యాయము కాదు. అతడు గడప యొద్దకు వచ్చెను, వెల ముందుగనే తెలిసెను, ఒక్క దినపు కూలియైనను పోలేదు. పట్టణపు ఆసుపత్రి చిరకాలము ఈ మూడింటిలో ఒక్కటియు ఈయలేకపోయెను.

ఆ పట్టణపు ఆసుపత్రి చెన్నపట్టణమున నున్నది. ఈస్టిండియా కంపెనీవారు 1819లో రాయపేటలో స్థాపించిన కంటివైద్యశాల, లండనులోని మూర్‌ఫీల్డ్సు ఆసుపత్రి వెలసిన పదునాలుగేండ్లకే పుట్టినదై, ప్రపంచమున ప్రాచీనతమములైన నేత్రవైద్యశాలలలో ఒకటిగా పేరొందినది. తరువాతి కాలమున అది ఎగ్మూరునకు మారినది. సర్కారు ఆసుపత్రి గనుక అక్కడ బీదలకు కత్తివైద్యము ఉచితమే. కాని నెల్లూరు నుండి అచటికి సుమారు 110 మైళ్ళు. ధాత కరువు నాళ్ళలో, అనగా 1876–78 ప్రాంతమున, ఆకలిగొన్న వేలజనుల చేత పని చేయించి, అప్పటి గవర్నరు పేరిట బకింగ్‌హాం కాలువ యని పిలువబడిన జలమార్గమును పెంపొందించిరి. ఉప్పు, సరుగుడు కట్టెలు మద్రాసునకు మోసిన పడవలకు ఆ కాలువయే రాజమార్గము. తీరపు పల్లెలవారికి చెన్నపట్టణపు దారియు నదియే. 1899లో బెజవాడ, మద్రాసుల నడుమ రైలుమార్గము తెరువబడిన పిమ్మట దినములు పట్టు ప్రయాణము కొన్ని గంటలలోనికి వచ్చినది.

అట్లయినను ఉచితవైద్యమునకు ఎంత ఖర్చగునో లెక్కించి చూడవలెను. ఆ దినములలో శుక్లము తీయించుకొన్నవాడు, కోత మానువరకు కన్నులకు కట్టుతో, తల ఇటునటు కదలకుండ ఇరుప్రక్కల ఇసుకసంచులు పేర్చుకొని, దినములతరబడి వెల్లకిల పరుండవలసియుండెను. గ్రుడ్డివానిని ఒంటరిగ పంపలేరు గనుక కొడుకో అల్లుడో వెంట నుండవలెను. ఇద్దరి కూలి పోవును, ఇద్దరి తిండి పట్టణములో కొనవలెను, భాష రాని చోట అడుగడుగునకు ఇతరుల దయకై వేచియుండవలెను. ఇవి యేవియు ఆసుపత్రి లెక్కలలో కనబడవు. కనుకనే రైలు వచ్చిన తరువాతను తీరపు పల్లెలలో ముసలివాండ్రు “వయసు మీరింది, ఇక ఎందుకులే” అని వాకిట కుక్కిమంచమున కూర్చుండి, అలికిడిని బట్టి మనుష్యులను గుర్తించుచు కాలము వెళ్ళబుచ్చిరి. లోపము వారి తెలివిలో లేదు. వారికి లెక్క బాగుగనే తెలియును.

జిల్లాలోపల నేమున్నదనిన, తాలూకా కేంద్రములలో వెలసిన లోకల్‌ఫండు ఆసుపత్రులు కంటికలకకు చుక్కలమందు వేయగలిగెను గాని, శుక్లమును తీయగల నిపుణుని పోషింపజాలకుండెను. 1840లో నెల్లూరు చేరిన అమెరికను బాప్టిస్టు మిషనువారు తరువాతి కాలమున స్త్రీలకును శిశువులకును వైద్యశాల నెలకొల్పిరి. ఇవి యన్నియు దయాధర్మములమీదనో ప్రభుత్వపు గ్రాంటులమీదనో నడచినవి. రోగము రాకమునుపే దాని ఖర్చునకు సొమ్ము ప్రోగుచేసి యుంచవలెనను భావము ఈ సీమకు వేరొక తోవను వచ్చినది. ఆ తోవ గూడూరు, రాపూరు ప్రాంతముల అభ్రకపు గనులది. విదేశములకు ఎగుమతియగు అభ్రకముపై సుంకము వసూలుచేసి, ఆ నిధిని గనిపనివారి క్షేమమునకు వినియోగింపవలెనని 1946లో చట్టమైనది. కాలిచేడులో ఆ నిధి క్రింద ఆసుపత్రి నడచినది. నా అభిప్రాయమున నెల్లూరు మండలమున ఆరోగ్యబీమాకు నిజమైన పూర్వరూపమిదియే. సరకు ఓడనెక్కునప్పుడే దానిని త్రవ్వినవాని వైద్యమునకు కొంత తీసియుంచుట ఎంతటి వివేకము! 1948లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టము వచ్చి, 1952లో కాన్పూరు, ఢిల్లీ నగరములలో మొదట అమలై, ఫ్యాక్టరీ కార్మికునకు ఇట్టి రక్షణనే కల్పించినది. కాని సముద్రమున వల వేయువానికి యజమాని యెవడు? జీతపు పట్టీ యెక్కడ? పట్టీ లేనివానికి చందా లేదు, చందా లేనివానికి చీటి లేదు. తీరవాసులలో అధికసంఖ్యాకులు ఈ రక్షణకు ఆవలనే మిగిలిరి.

విడవలూరు ప్రాంతపు అలగానిపాడున పుట్టిన పుచ్చలపల్లి సోదరులలో సుందరయ్యగారిని దేశమెల్ల నెరుగును. వారి సోదరులైన డాక్టరు రామచంద్రారెడ్డిగారు నెల్లూరులో ప్రజావైద్యశాలను నెలకొల్పి, బీదలకు అందుబాటైన వైద్యము నందించుటయే గాక, పల్లెలలో పనిచేయుటకు ఎందరినో వైద్యసేవకులుగ తీర్చిదిద్దిరి. అది కంటివైద్యమునకై ప్రత్యేకించిన సంస్థ కాదు. అయినను ఊరిలో నమ్మకమైన మనుష్యుడొకడు ఉండి, “ఫలానిచోటికి పో, ఇంత అవుతుంది” అని చెప్పగలుగుట రోగికి సగము బలము.

కత్తివైద్యము మరల పల్లెవైపునకు నడచివచ్చినది కంటిశిబిరముల కాలమున. హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ప్రాణము పోసిన డాక్టరు పి. శివారెడ్డిగారు ఊరూర శిబిరములు నడపి, వేలకొలది శుక్లములను తొలగించి, తెలుగునాట ఆ సంప్రదాయమునకు ప్రతిష్ఠ కలిగించిరి. 1976లో కేంద్రప్రభుత్వము జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమమును ఆరంభించినది. 1994 నుండి 2002 వరకు ప్రపంచబ్యాంకు సాయముతో నడచిన శుక్లనివారణ పథకమున ఆంధ్రప్రదేశమునకును చోటు దొరికినది. బడి సెలవులలో తరగతిగదులే శస్త్రచికిత్సా మందిరములు, వరండాలే వార్డులు. పచ్చని గుడ్డ కన్నులకు కట్టుకొని వరుసగా కూర్చున్న ముసలమ్మలు ఆ తరమువారి జ్ఞాపకములలో నేటికిని నిలిచియున్నారు. ఖర్చు లేదు, ప్రయాణము లేదు. వైద్యుని ఎంచుకొను స్వాతంత్ర్యము మాత్రము రోగికి లేదు. కటకమును తీసివేసిన చోట మరొకటి పెట్టకపోవుటచే సీసా అడుగువంటి దళసరి అద్దముల కళ్ళజోడు జీవితాంతము భరింపవలసి వచ్చెను; అది పగిలిననాడు మరల చీకటియే. లండనులో హెరాల్డు రిడ్లీ 1949లోనే కంటిలో కృత్రిమ కటకమును అమర్చియుండెను గాని, దాని వెల మన పల్లెల కందలేదు. 1992లో మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రివారు ఆరోల్యాబ్ అను సంస్థను స్థాపించి ఆ కటకములను ఇచటనే చౌకగ తయారుచేయుటతో ఆ యడ్డంకి తొలగినది. ఆంధ్ర తీరపు రైతుకూలీ కంటిలో నేడు కటకమున్నదనిన, ఆ దక్షిణాది కృషికి మనము ఋణపడి యున్నాము.

ఇక బీమా సంగతి. పట్టాభి సీతారామయ్యగారు 1925లో బందరున ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిన నాటి నుండి తెలుగువారికి బీమా యనిన ప్రాణమునకే గాని కంటికి కాదు. 1956లో జీవితబీమా సంస్థ ఏర్పడిన పిమ్మటను జనుల తలపు మారలేదు. ప్రభుత్వరంగ సాధారణ బీమా కంపెనీలు మెడిక్లెయిము పాలసీని ప్రవేశపెట్టినది 1986లో. తొలుత రోగి తానే సొమ్ము చెల్లించి, రసీదులు పంపి, తిరిగి రాబట్టుకొనవలసియుండెను. చేతిలో సొమ్ములేనివానికి అట్టి బీమా ఉండియు లేనట్లే. 2001లో కంపెనీకిని ఆసుపత్రికిని నడుమ లెక్కలు చూచు మధ్యవర్తి సంస్థలకు నిబంధనలు వచ్చి, నగదు లేని చికిత్స వాడుకలోనికి వచ్చిన తరువాతనే కార్డు చూపి శుక్లము తీయించుకొనుట మధ్యతరగతికి సాధ్యమైనది.

కార్డు బీదయింటికి చేరినది ఆరోగ్యశ్రీతో. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై, మరుసటి సంవత్సరమునకు రాష్ట్రమంతట వ్యాపించిన ఆ పథకమున నన్ను మిక్కిలి ఆకర్షించినది దాని ధనరాశి కాదు, ఆరోగ్యమిత్ర యను ఉద్యోగము. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునను, పథకమున చేరిన ప్రతి ఆసుపత్రి యందును ఒక మనుష్యుడు కూర్చుండి, ఏ జబ్బునకు ఎక్కడికి పోవలెనో, ఏ కాగితము కావలెనో తెలుగులో చెప్పును. లోకల్‌ఫండు నాటి నుండి నెల్లూరు తీరవాసికి కొరవడినది ఈ మనుష్యుడే. పథకము పేర్లు ప్రభుత్వములతో మారినవి, పరిమితులు పెరిగినవి; ఆ మిత్రుని కుర్చీ ఖాళీ కానంతవరకు అది ప్రజలదే. 2018లో కేంద్రము ఆరంభించిన ఆయుష్మాన్ భారత్ ఇప్పుడు డెబ్బదియేండ్లు నిండిన వృద్ధులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ వర్తించుచున్నది. తీరమున ఈ సంగతి తెలియని గడపలు ఇంకను ఉన్నవి.

సొంతముగ ప్రీమియము కట్టుకొన్నవాని చిక్కులు వేరు. చెరువుల సాగుతో నాలుగు రాళ్ళు వెనుకవేసి కుటుంబమునకు పాలసీ తీసికొన్న రొయ్యలరైతు, తండ్రికి శుక్లము వచ్చిన పిదప కాగితము విప్పి చూచి, దానికి సాధారణముగ రెండేండ్ల నిరీక్షణ కాలముండుననియు, కొన్నింట ఒక్కొక్క కంటికి ఇంతయే యను పరిమితి యుండుననియు, చూపుపరీక్షకును కళ్ళజోడునకును మామూలు పాలసీలు సొమ్మీయవనియు అప్పుడు తెలిసికొనును. ఇరువదినాలుగు గంటలు ఆసుపత్రిలో ఉండనక్కరలేని చికిత్సలలో శుక్లము చేరినది గనుక ఆ బెడద మాత్రము తీరినది. 2024 జనవరి నుండి బీమా కంపెనీలు తమ జాబితాలో లేని ఆసుపత్రియందును, నలుబదియెనిమిది గంటల ముందు తెలియజేసినచో, నగదు లేని చికిత్సకు వీలు కల్పింప నంగీకరించినవి. ఆసుపత్రి సమ్మతియు కంపెనీ ఆమోదమును కావలెను. ఎగ్మూరు ఆసుపత్రిని, 1978లో వెలసిన శంకర నేత్రాలయమును నమ్మి ఈనాటికిని చెన్నపట్టణపు రైలెక్కు నెల్లూరువారికి ఇది గొప్ప వెసులుబాటు.

కనుక నెల్లూరు తీరపు సోదరులారా, ఇంటిలో అరువది దాటినవారున్నచో పాలసీలోని నిరీక్షణ కాలమును ఇప్పుడే చదివించి వినుడు. ఆసుపత్రి పేరు జాబితాలో ఉన్నంతమాత్రమున బయలుదేరక, మీరు కోరిన వైద్యుడు ఆ యొప్పందము క్రింద చూచునో లేదో, కటకపు వెలలో మీ వంతెంతయో అచటి బీమా కౌంటరున ఫోనుచేసి కనుగొని, ఆ పిమ్మట తేదీ పుచ్చుకొనుడు. పాలసీ లేనివారు ఆరోగ్యమిత్రను అడుగుడు. శుక్లము ముదిరి కన్ను తెల్లబడువరకు వేచియుండుట తాతలనాటి పద్ధతి. నేటి శస్త్రచికిత్సకు అది ముదురవలసిన అవసరము లేదు.