భూతాప విద్యుత్తు: పొగ లేకున్నా తప్పని పర్యావరణ సవాళ్లు

సూరత్‌: భూగర్భంలోని వేడితో విద్యుత్తును ఉత్పత్తి చేసే భూతాప కేంద్రాల్లో బొగ్గు మండదు, బూడిద మిగలదు. ఎండతోనూ గాలితోనూ నిమిత్తం లేకుండా రేయింబవళ్లు విద్యుత్తు అందుతుంది. అయితే లోతుల నుంచి తోడిన వేడినీటిని ఏం చేస్తారన్న దానిపైనే ఈ విధానం పర్యావరణహితమా, కాదా అన్నది ఆధారపడి ఉంటుంది.

ఉనాయి ఊటలు

సూరత్‌కు ఆగ్నేయంగా, నవ్‌సారీ జిల్లా వాంస్దా తాలూకాలోని ఉనాయిలో సహజమైన వేడినీటి ఊటలున్నాయి. ఉనాయి మాత ఆలయానికి వచ్చే యాత్రికులు ఆ నీటిలో స్నానమాచరిస్తారు. ఇటువంటి ఊటలు పశ్చిమ తీరం వెంబడి కొంకణ్‌ వరకు ఉన్నాయి. ఇలాంటి చోట లోతైన బావులు తవ్వి నీటిని అధికంగా తోడితే భూగర్భంలో పీడనం తగ్గుతుంది. ఫలితంగా ఊటలు చల్లబడవచ్చు, ఎండిపోవచ్చు.

న్యూజిలాండ్‌లోని వైరాకీ ఇందుకు నిదర్శనం. అక్కడ 1958లో విద్యుదుత్పత్తి ఆరంభమైంది. తోడిన నీటిని దశాబ్దాల పాటు తిరిగి భూమిలోకి పంపకపోవడంతో సమీప లోయలోని వేడినీటి చిమ్ములు ఆగిపోయాయి. కొన్నిచోట్ల నేల 10 మీటర్లకు పైగా కుంగింది.

కాలుష్యం, ప్రకంపనలు

లోతుల నుంచి వచ్చే నీటిలో లవణాలతో పాటు ఆర్సెనిక్‌, బోరాన్‌ ఉండవచ్చు. ఆవిరితో పాటు హైడ్రోజన్‌ సల్ఫైడ్‌, కార్బన్‌ డయాక్సైడ్‌ వెలువడతాయి. లద్దాఖ్‌లోని పూగా లోయలో 2022 ఆగస్టులో ఓఎన్‌జీసీ బావి తవ్వుతుండగా భూతాప జలాలు వెలుపలికి వచ్చి అక్కడి వాగులో కలిశాయి.

నీటిని అధిక పీడనంతో భూమిలోకి పంపినా చిక్కులున్నాయి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2006లో సంభవించిన ప్రకంపనల కారణంగా ఒక ప్రాజెక్టును నిలిపివేశారు. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017లో 5.4 తీవ్రతతో వచ్చిన భూకంపానికి భూతాప ప్రాజెక్టే ప్రేరకమని ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం తేల్చింది.

మణుగూరు ప్రయోగం

తెలంగాణలోని మణుగూరు వద్ద పగిడేరులో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని నెలకొల్పింది. ఇక్కడ వేడినీరు నేరుగా టర్బైన్‌లోకి వెళ్లదు. త్వరగా మరిగే మరొక ద్రవానికి వేడిని అందిస్తుంది. ఆ ద్రవపు ఆవిరి టర్బైన్‌ను తిప్పి, చల్లబడి, మూసి ఉన్న గొట్టాల్లోనే మళ్లీ తిరుగుతుంది. అందువల్ల వాయువుల విడుదల బాగా తగ్గుతుంది. అయితే తక్కువ ఉష్ణోగ్రతల వద్ద వేడిలో స్వల్ప భాగమే విద్యుత్తుగా మారుతుంది. మిగిలిన వేడిని తొలగించే శీతలీకరణకు నీరో, గాలిని వీచే పెద్ద పంకాలో అవసరమవుతాయి.

ముందుజాగ్రత్తలు

కేంద్రం 2025 సెప్టెంబరులో జాతీయ భూతాప ఇంధన విధానాన్ని ప్రకటించింది. వాడకంలో లేని చమురు బావుల వినియోగాన్ని కూడా అందులో ప్రస్తావించింది. సూరత్‌కు ఉత్తరాన అంకలేశ్వర్‌ చమురు క్షేత్రం ఉన్నందున దక్షిణ గుజరాత్‌కు ఈ అంశం ముఖ్యమైనది. పాత బావులను వాడితే కొత్త తవ్వకాలు తగ్గుతాయి. కానీ వాటి గోడలు దెబ్బతిని ఉంటే ఉప్పునీరు తాగునీటి పొరల్లోకి చేరే ప్రమాదముంది.

తవ్వకానికి ముందే ఊటల ఉష్ణోగ్రత, ప్రవాహం, నీటి నాణ్యత నమోదు చేయాలి. తోడిన నీటిని తిరిగి భూగర్భంలోకి పంపాలి. ప్రకంపనలను నిరంతరం గమనించాలి. తొలి కొలతలు లేకపోతే, తరువాత ఊట తగ్గినా అందుకు కారణం బావియో, వర్షాభావమో తేల్చడం కష్టం.