రీస్టార్ట్ కాని కంప్యూటరు: కెర్నెల్‌కు చెప్పవలసిన ఒక్క మాట

లినక్స్‌తో నడిచే కొన్ని కంప్యూటర్లలో ఒక విచిత్రమైన లోపం కనబడుతుంది. ఆపమంటే ఆగుతాయి, మీట నొక్కితే మేలుకొంటాయి. రీస్టార్ట్ అంటే మాత్రం నల్లని తెరతో నిలిచిపోతాయి. మదర్‌బోర్డు పోయిందని తలచి పట్టణానికి మోసుకొనిపోయేవారు, వచ్చిన ధరకు అమ్మివేసేవారు ఉన్నారు. తమిళనాడులో 2011లో ఆరంభమైన ఉచిత ల్యాప్‌టాప్ పథకంతో సీ-డాక్ వారి బాస్ లినక్స్ విద్యార్థుల చేతికి వచ్చింది గనుక, ఈ విషయం నగరవాసులకు మాత్రమే సంబంధించినది కాదు.

ముందుగా యంత్రం ఎక్కడ ఆగుతున్నదో తెలియాలి. ఆన్ చేయగానే షిఫ్ట్ మీటను (కొత్త యూఈఎఫ్ఐ యంత్రాలలో ఎస్కేప్‌ను) నొక్కితే గ్రబ్ పట్టిక వస్తుంది. అందులో ‘ఈ’ అక్షరం నొక్కి, ‘లినక్స్’ అనే పదంతో మొదలయ్యే వరుస చివర ఉన్న ‘క్వయట్’, ‘స్ప్లాష్’ పదాలను తొలగించి, కంట్రోల్‌తో ‘ఎక్స్’ నొక్కాలి. తరువాత రీస్టార్ట్ చేస్తే సందేశాలు కనబడతాయి. ‘స్టాప్ జాబ్’ అంటూ 90 సెకన్లు లెక్కిస్తుంటే అది ఏదో ప్రోగ్రాము ముగియకపోవడం. దాని చికిత్స వేరు. ‘రీస్టార్టింగ్ సిస్టమ్’ అనే మాట వద్ద ఆగిపోతే మాత్రం కెర్నెల్ తన పని ముగించింది, యంత్రమే ఆజ్ఞను వినలేదు.

యంత్రాన్ని తిరిగి లేపే మార్గాలు అనేకం. కెర్నెల్ సాధారణంగా మొదట ఏసీపీఐ మార్గాన్ని, పిదప కీబోర్డు కంట్రోలర్‌ను ఆశ్రయిస్తుంది. కీబోర్డుకు ఈ పని ఏమిటని ఆశ్చర్యం కలగవచ్చు. 1984 నాటి ఐబీఎం పీసీ ఏటీలో ప్రాసెసరును రీసెట్ చేసే తీగ ఆ చిప్ నుంచే వెళ్లేది, ఆ వారసత్వం నేటికీ నిలిచి ఉంది. ప్రయత్నించిన మార్గంలోనే యంత్రం బిగుసుకొనిపోతే తరువాతి దానికి అవకాశమే ఉండదు.

అప్పుడు అదే వరుస చివర, ఒక ఖాళీ విడిచి, ఆంగ్ల చిన్న అక్షరాలలో ‘రీబూట్’ (ఆర్, ఈ, బీ, ఓ, ఓ, టీ), సమానపు గుర్తు, ‘పీ’ అని వరుసగా టైపు చేయాలి. ‘పీ’ అంటే పీసీఐ మార్గం. డెల్ ఆప్టిప్లెక్స్ 990 వంటి కొన్ని నమూనాలకు ఇదే తగునని కెర్నెల్‌లోనే రాసి ఉంచారు. ఫలించకపోతే ‘పీ’ స్థానంలో కీబోర్డుకు ‘కె’, ఈఎఫ్ఐకి ‘ఈ’, బయోస్‌కు ‘బీ’, ప్రాసెసరును తప్పుమీద తప్పు చేయించి రీసెట్ చేసే ట్రిపుల్‌కు ‘టీ’ ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే. తప్పు టైపు చేసినా శాశ్వత నష్టం లేదు. ఏసీపీఐని పూర్తిగా ఆపివేయమనే పాత సలహా మాత్రం మంచిది కాదు. దానివల్ల పవర్ ఆఫ్, బ్యాటరీ సూచన కూడా పనిచేయకపోవచ్చు.

ఫలించిన మాటను ఈటీసీ ఫోల్డరులోని డిఫాల్ట్‌లో ఉన్న గ్రబ్ ఫైలులో, ‘సీఎండీలైన్ లినక్స్ డిఫాల్ట్’ వరుసలోని కొటేషన్ గుర్తుల లోపల చేర్చి, సుడో అధికారంతో ‘అప్‌డేట్-గ్రబ్’ ఆజ్ఞ ఇస్తే శాశ్వతమవుతుంది. బాస్, డెబియన్, ఉబుంటులకు ఇది చెల్లుతుంది. ఫెడోరాలో ఆజ్ఞ వేరు.

పరీక్షల నడుమ యంత్రం బిగుసుకొన్నప్పుడు పవర్ మీటను అదిమిపట్టక తప్పదు. చివరి సందేశం దాటి ఉంటే ఫైళ్లకు భయం లేదు. అంతకుముందే ఆగితే ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ మీటలను పట్టుకొని ‘ఎస్’, ‘యు’, ‘బీ’ అక్షరాలను కొద్ది వ్యవధితో నొక్కడం మేలు: మొదటిది ఫైళ్లను డిస్కుకు చేరుస్తుంది, రెండవది డిస్కును చదువుటకు మాత్రమే పరిమితం చేస్తుంది, మూడవది యంత్రాన్ని రీసెట్ చేయ ప్రయత్నిస్తుంది.